వీసా కాయితం ఒకటి, పోయే దారి ఇంకొకటి

సెలవు రోజు సాయంత్రం సోనాపూర్ క్యాంపు వంటగదిలో మూడు దేశాల పొయ్యిలు వెలుగుతాయి. ఒకదాని మీద మన పప్పుచారు, పక్కన నేపాలీల ఆలుగడ్డ కూర, ఆ చివర బంగ్లా వాళ్ల చేపల పులుసు. మేం ముగ్గురం సివిల్ డిప్లొమా చదివి దుబాయ్ వచ్చిన సూపర్‌వైజర్లం. మాది జగిత్యాల, నిజామాబాద్ వైపు. పదేళ్లుగా ఈ వంటగదిలో కొత్తగా వచ్చిన ప్రతి మనిషినీ అందరూ అడిగేవి రెండే మాటలు. "ఏ దారిన వచ్చినవ్? ఎంత కట్టినవ్?"

మనుషుల అక్రమ రవాణా అనగానే నోట్లో గుడ్డ కుక్కి రాత్రిపూట లారీలో ఎక్కించుకుపోయే సినిమా సీను గుర్తొస్తుంది. మాకు తెలిసిన కథల్లో అలా ఎత్తుకొచ్చిన వాళ్లు దాదాపు లేరు. అందరూ ఇంట్లో బొట్టు పెట్టించుకుని, అమ్మ కట్టిచ్చిన సకినాలు సంచిలో పెట్టుకుని, తమ కాళ్ల మీద తామే నడిచి విమానం ఎక్కినవాళ్లే.

మా ఊరి పిల్లగాడి కథ

రెండేళ్ల కింద మా ఊరి పిల్లగాడొకడు ఫోన్ చేశాడు. డిగ్రీ పాసయ్యాడు. "అన్నా, థాయిలాండ్‌ల కంప్యూటర్ జాబట. నెలకు 80 వేలట. పోవాల్నా?" అని అడిగాడు. ఆ రోజు మేం స్లాబ్ పని మీద ఉన్నాం, ఎండకు తల పగిలిపోతోంది. "పో తమ్మీ, మాలెక్క ఎండల సావకు" అన్నాం. ఏజెంటు ఎవరని అడగలేదు. కంపెనీ పేరేమిటని అడగలేదు.

బ్యాంకాక్‌లో దిగాక వాడిని ఒక కారులో ఎక్కించారు. ఆఫీసు ఊళ్లోనే అనుకున్నాడు. రాత్రంతా ప్రయాణం చేశాక సరిహద్దు ఊరు మే సోట్ వచ్చింది. అక్కడ మోయి నది దాటించారు. అవతల ఒడ్డు మయన్మార్‌లోని మ్యావడీ. చుట్టూ ఎత్తు గోడలు, గేటు దగ్గర తుపాకులు. పాస్‌పోర్టు, ఫోను లాక్కున్నారు. ఆడపిల్ల ఫొటోతో దొంగ ఖాతా తెరిచి, ముక్కూమొహం తెలియని మనుషులతో తీపి మాటలు చెప్పి, వాళ్లచేత డబ్బు పెట్టించడమే వాడికిచ్చిన పని. చెప్పినంత మందిని ముంచకపోతే దెబ్బలు. పోతానంటే "నీకు పెట్టిన ఖర్చు కట్టి పో" అని లక్షల్లో లెక్క చెప్పారు.

వాడొక్కడే కాదు. 2023 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం ఇచ్చిన నివేదిక ప్రకారం ఇలాంటి చోట్ల బలవంతంగా పని చేస్తున్నవారు మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో సుమారు 1,00,000 మంది ఉండొచ్చు. 2024 మేలో కంబోడియా కేసులో విశాఖపట్నం పోలీసులు ఏజెంట్లను అరెస్టు చేశారు. 2025 మార్చి 10, 11 తేదీల్లో మన వైమానిక దళం విమానాలు మే సోట్ నుంచి 549 మంది భారతీయులను ఇంటికి చేర్చాయి.

ఒక్కో దేశానిది ఒక్కో దారి

వంటగదిలో ఈ కథ చెబితే నేపాలీ మేస్త్రి తన చెల్లెలి సంగతి చెప్పాడు. గల్ఫ్ ఇళ్లలో పనికి పోవడాన్ని నేపాల్ 2017లో ఆపేసింది. దారి మూసుకుపోలేదు, చుట్టూ తిరిగింది. నేపాల్ నుంచి మన దేశంలోకి రావడానికి వాళ్లకు వీసా అక్కర్లేదు. బస్సెక్కి ఢిల్లీ చేరితే చాలు, అక్కడినుంచి విమానం ఎక్కిస్తారు. కాట్మండూ లెక్కల్లో ఆ పిల్ల దేశం దాటినట్టే ఉండదు. ఏదైనా జరిగితే వెతికేదెవరు?

బంగ్లా తాపీమేస్త్రి ఊరు కాక్స్ బజార్ పక్కన. అక్కడ దారి సముద్రం మీదుగా. చేపల పడవలో కుక్కి బంగాళాఖాతం, అండమాన్ సముద్రం దాటించి థాయిలాండ్ అడవుల్లో దించేవాళ్లు. అక్కడి నుంచి ఇంటికి ఫోన్ చేయించి, కొడుతూ ఏడుపు వినిపించి డబ్బు గుంజేవాళ్లు. డబ్బు చేరితేనే మలేషియాలోకి వదిలేది. 2015 మేలో మలేషియా సరిహద్దు వాంగ్ కెలియాన్ దగ్గర ఖాళీ చేసిన 28 శిబిరాలు, 139 సమాధులు బయటపడ్డాయి. బంగ్లాదేశ్ వాళ్లు, రోహింగ్యాలు ఈ దారిలోనే పోయారు. ఆ మాట చెప్పేటప్పుడు మేస్త్రి గరిటె తిప్పడం ఆపేశాడు.

మన దారి మనకు తెలిసిందే. కువైట్‌లో ఇంటి పనని వీసా ఇచ్చి, సరిహద్దు దాటించి సౌదీ ఎడారిలో గొర్రెల దగ్గర వదిలేసిన మనవాళ్లున్నారు. విజిట్ వీసా మీద దుబాయ్ దింపి, ఇక్కడి నుంచి ఒమన్ ఇళ్లకు పంపించిన ఆడవాళ్లున్నారు.

మూడు దారులనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే నడక కనిపిస్తుంది. ఊళ్లో మాట చెప్పేది తెలిసిన మనిషే. పట్నంలో ఇంకొకడు. దిగిన చోట మూడోవాడు. చేయి మారిన ప్రతిచోటా కాయితమో, పనో, దేశమో మారుతుంది. తిరిగొచ్చి నిలదీస్తే ఊరి మనిషి "నాకేం ఎరుక, నేను విమానం దాకనే" అంటాడు. అది అబద్ధం కూడా కాకపోవచ్చు. ఎవడికీ పూర్తి దారి తెలియకపోవడంలోనే ఈ వ్యాపారం బలమంతా ఉంది. ఇక మనిషిని కట్టేసే తాడు అప్పు. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చినవాడు వట్టి చేతులతో ఇంటికి పోలేడు. ఈ సంగతి గేటు దగ్గర తుపాకి పట్టుకున్నవాడికంటే ఊరి ఏజెంటుకే బాగా తెలుసు.

నీ ఇష్టంతోనే వచ్చినవ్ కదా?

బయటపడ్డ ప్రతివాడూ మొదట వినే మాట ఇది. దానికి జవాబు చట్టంలోనే ఉంది. 2000లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన పలెర్మో ప్రోటోకాల్ ప్రకారం మోసం, బెదిరింపు, బలవంతం ఉన్నచోట బాధితుడు ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలు చెల్లదు. మన భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ కూడా బాధితుడి సమ్మతిని లెక్కలోకి తీసుకోదు. కాబట్టి సిగ్గుపడాల్సింది మోసపోయినవాడు కాదు.

ఇంకో సంగతి. పదో తరగతి పాస్ కానివాళ్లు గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. చదువుకున్నవాడికి అక్కర్లేదు. మయన్మార్, కంబోడియా, లావోస్ ఆ జాబితాలోనే లేవు. విజిట్ వీసాకు ఎవరూ క్లియరెన్స్ అడగరు. ఏజెంటు విజిట్ వీసానే ఎందుకు చేతిలో పెడతాడో ఇప్పుడు అర్థమవుతుంది. చదువు ఉంటే మోసపోమని మేమూ అనుకునేవాళ్లం. కంప్యూటర్ వచ్చినవాడే కావాలని వెతికే మోసం ఇది.

మనం అడగాల్సినవి

ఊరి నుంచి ఫోన్ వస్తే "పో" అనేముందు నాలుగు సంగతులు అడుగుదాం. ఏజెంటుకు లైసెన్స్ ఉందా? ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూస్తే తెలుస్తుంది. ఎంత అడుగుతున్నాడు? లైసెన్స్ ఉన్న ఏజెంటు తన ఫీజు కింద 30 వేలు, దానిమీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. వీసా ఉద్యోగానిదా, విజిట్‌దా? కంపెనీ ఏ ఊళ్లో ఉంది, విమానం ఏ ఊళ్లో దిగుతుంది? రెండూ వేరైతే అక్కడే ఆగాలి. పోయేవాడు పాస్‌పోర్టు, వీసా, టికెట్టు ఫొటోలు ఇంట్లో ఒకరి దగ్గర పెట్టి పోవాలి.

ఇక్కడ యూఏఈలో ఇరుక్కున్నవాళ్లకు ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 80046342. వేరే దేశంలో ఉంటే ఇంట్లోవాళ్లు 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. వాట్సాప్‌లో "వీసాలున్నయ్, కాంటాక్ట్" అని వచ్చే మెసేజ్‌ను ముందుకు పంపకండి. దాన్ని పంపిన క్షణాన ఆ దారిలో మొదటి చేయి మనదే అవుతుంది.

మా ఊరి పిల్లగాడు నాలుగు నెలలకు ఇల్లు చేరాడు. ఒంటికేం కాలేదని వాళ్లమ్మ చెప్పింది. అప్పు మాత్రం అట్లాగే ఉంది, మిత్తి పెరుగుతోంది. మేం ముగ్గురం కలిసి కొంత పంపాం. వాడు మా ఫోన్ ఎత్తడం లేదు. "అన్నల మీద కోపం లేదంటడు, ఎవల్తోని మాట్లాడబుద్ధి అయితలేదంటడు" అంది వాళ్లమ్మ. పోయిన నెల వాళ్ల వాడకట్టు నుంచే ఇంకో పిల్లగాడు ఫోన్ చేశాడు. లావోస్‌లో జాబట. ఈసారి పని ఆపి, నీడకు వచ్చి కూర్చుని అడిగాం. "ఏజెంటు ఎవరు తమ్మీ?"