కాలేయములో రక్తపుటడుగుల చప్పుడు

బోగోలు మండలములోని బిట్రగుంట ఒకప్పుడు ఆవిరియింజన్ల షెడ్డుతో పేరొందిన రైల్వేకేంద్రము. ఆ యింజన్లు నేడు లేవు. అయినను, ఆగక సాగిపోవు బండి కూత ప్లాట్‌ఫారము మీది వారికి నేటికిని ఒక విశేషమును వినిపించుచునే యున్నది. బండి సమీపించునంతసేపు కూత హెచ్చుశ్రుతిలో నుండి, మనలను దాటగానే దిగిపోవును. కూతలో మార్పు లేదు. కూయునది కదలుచున్నది, అంతియే.

ఈ సూత్రమును 1842లో క్రిస్టియన్ డాప్లర్ ప్రేగు నగరమున ప్రతిపాదించెను. 1845లో హాలెండు దేశమున బయిస్ బాలట్ అను శాస్త్రజ్ఞుడు బాకాలూదువారిని రైలెక్కించి, శ్రుతిజ్ఞానము గలవారిని పట్టాల ప్రక్కన నిలిపి దానిని పరీక్షించెను. విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఇంతటి వినోదకరమైన పరీక్ష అరుదు!

రక్తము తనంత తాను కూయదు. కనుక మనమే ధ్వనిని పంపి, ఎర్రకణములను తాకి మరలివచ్చు ప్రతిధ్వనిని వినవలెను. 1950వ దశకమున జపానులో సతొమురా ఈ మార్గమున తొలి అడుగులు వేసెను. పంపెడి ధ్వని సెకనుకు 30 లక్షల కంపనములు గలదనుకొందము. అది మానవుని చెవికి అందదు. రక్తము సెకనుకు 20 సెంటీమీటర్ల వేగముతో పారుచు, ధ్వని దానికి 60 డిగ్రీల కోణమున తగిలినచో, పోయిన ధ్వనికిని వచ్చిన ధ్వనికిని భేదము సుమారు 390 కంపనములు. ఇది చక్కగా వినబడు శ్రుతి. యంత్రము నుండి వెలువడు "హుష్షు" మను సవ్వడి ఇదియే.

కాలేయమునకు వచ్చు రక్తములో సుమారు నాలుగింట మూడువంతులు ప్రేగులనుండియు ప్లీహమునుండియు పోర్టల్ సిర ద్వారా చేరును. తక్కినది ధమని తెచ్చును. హెపటైటిస్ బి, సి వ్యాధులవలన గాని, మద్యమువలన గాని, కొవ్వు పేరుకొనుటవలన గాని కాలేయము గట్టిపడినపుడు, పూడిన కాలువలో నీరు వెనుకకు ఎగదట్టినట్లు ఈ సిరలో ఒత్తిడి పెరుగును. రక్తము ప్రక్కదారులు పట్టును. అన్ననాళములోని సిరలు ఉబ్బి, ఒక్కొక్కప్పుడు పగిలి రక్తవాంతి యగును, ప్రాణాపాయము కలుగును.

పోర్టల్ సిరలో రక్తము సాధారణముగా సెకనుకు 16 మొదలు 40 సెంటీమీటర్ల వేగముతో కాలేయమువైపు సాగును. వ్యాధి ముదిరినకొలది ఆ వేగము తగ్గును. కొందరిలో రక్తము వెనుదిరిగి పారును. డాప్లర్ దీనిని కత్తి లేకుండ, సూది లేకుండ పట్టియిచ్చును. సిరలో గడ్డకట్టిన రక్తమును, కాలేయమార్పిడి జరిగిన పిదప ధమని మూసికొనుటను కనిపెట్టుటకును ఇదియే ముందు వినియోగపడును. తెరపై ఎరుపు మంచిరక్తమనియు, నీలము చెడురక్తమనియు పలువురు తలచెదరు. అట్లు కాదు, సాధారణముగా ఎరుపు పరికరమువైపు వచ్చునది, నీలము దూరముగా పోవునది.

భోజనము చేసినచో ఈ ప్రవాహము హెచ్చును, ప్రేగులలోని వాయువు ధ్వనికి అడ్డగును. అందుచే పరగడుపున రమ్మందురు. కోణము 60 డిగ్రీలు మించినచో చిన్న పొరపాటు కూడ వేగపు లెక్కను తారుమారు చేయును. అతిమందముగా కదలు రక్తము గడ్డవలె భ్రమ గొల్పవచ్చును. చేయువాని నేర్పు ఇందు ముఖ్యము. అన్ననాళపు సిరల ఉబ్బును నిర్ధారించుటకు మాత్రము ఎండోస్కోపీయే శరణ్యము. రక్తవాంతి గాని, తారువంటి నల్లని విరేచనము గాని అయినవారు డాప్లర్ పరీక్షకై వేచియుండక తక్షణమే ఆసుపత్రికి పోవలెను.