జన్యుమార్పిడి పంటలు – వినియోగదారునికి చేరే మేలు: వేరుశనగ ఉదాహరణ

జన్యుమార్పిడి పంటల ప్రయోజనం రైతులకే పరిమితమా, వినియోగదారులకూ చేరుతుందా అన్న ప్రశ్నకు భారతదేశంలో ప్రత్తి అనుభవం మాత్రమే సమగ్రంగా లభిస్తున్నది. 2002లో అనుమతి పొందిన బి.టి. ప్రత్తి కాయతొలుచు పురుగులను అదుపు చేసి మొదట రైతుకు మేలు చేసింది. గులాబీరంగు పురుగు నిరోధకత పెంచుకొన్న పిదప ఆ మేలు తగ్గింది. వస్త్రం కొనేవారికి మాత్రం ఏ తేడా కనిపించలేదు. బి.టి. వంకాయకు 2009 అక్టోబరులో నియంత్రణ సంఘం ఆమోదం తెలిపినా, హైదరాబాదుతో సహా పలు నగరాలలో ప్రజాభిప్రాయం సేకరించిన తరువాత 2010 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం దానిని నిలిపివేసింది. వినియోగదారునికే నేరుగా ఉపయోగపడే గుణం ఉన్నప్పుడు పరిస్థితి ఎలా ఉంటుందో వేరుశనగ ద్వారా పరిశీలించవచ్చు.

అఫ్లాటాక్సిన్ సమస్య

చిత్తూరు, తిరుపతి జిల్లాల వానాధార వేరుశనగ కాయ ఊరే దశలో తరచూ బెట్టకు గురవుతుంది. నేల వేడెక్కి తేమ తగ్గినప్పుడు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ శిలీంధ్రం కాయలోనికి ప్రవేశించి అఫ్లాటాక్సిన్‌ను ఉత్పత్తి చేస్తుంది. ఇది కాలేయ క్యాన్సర్ కారకం. యూరోపియన్ యూనియన్ నేరుగా తినే పల్లీలలో మొత్తం అఫ్లాటాక్సిన్‌ను కిలోకు 4 మైక్రోగ్రాములకు పరిమితం చేసింది. నాణ్యమైన గింజ దూరపు మార్కెట్లకు వెళ్తే, ముడుచుకొన్న, దెబ్బతిన్న గింజ స్థానికంగా గానుగకు చేరుతుంది. దాని చెక్క పాడిపశువులకు మేతగా మారుతుంది. చెక్కలోని బి1 విషం పశువు శరీరంలో ఎం1 రూపం పొంది పాలలో చేరుతుంది. పాడిపై ఆధారపడిన ఈ జిల్లాలలో రైతు కుటుంబమే మొదటి వినియోగదారు.

జన్యుమార్పిడి మార్గం

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, సహకార సంస్థల పరిశోధకులు 2017లో రెండు విధానాలను ప్రకటించారు. మొదటిది, లూసర్న్, దాని దగ్గరి జాతి మొక్కలలోని డిఫెన్సిన్ జన్యువులను వేరుశనగలో ప్రవేశపెట్టి శిలీంధ్రాన్ని అడ్డుకోవడం. రెండవది, విషం తయారీకి అవసరమైన శిలీంధ్ర జన్యువులను పనిచేయనీయని సూక్ష్మ ఆర్.ఎన్.ఏ.ను మొక్కలోనే తయారు చేయించడం. ప్రయోగశాల పరీక్షలలో రెండింటిలోనూ విషం బాగా తగ్గింది. అయితే ఈ రకాలు దేశంలో సాగుకు అనుమతి పొందలేదు. క్షేత్రస్థాయి ఫలితాలు, ఆహార భద్రత, పర్యావరణ పరీక్షలు పూర్తికాకుండా వీటిని సిఫారసు చేయడం తగదు.

మేలు పంపకం

పురుగు తగ్గితే రైతు ఆ పంటకాలంలోనే గమనిస్తాడు. అఫ్లాటాక్సిన్ కంటికి కనిపించదు, రుచికి తెలియదు. కొనుగోలు కేంద్రంలో పరీక్షించి ధర నిర్ణయించనంతవరకు విషరహిత గింజకు అదనపు ధర రాదు. అప్పుడు విత్తన ఖర్చు రైతుది, ఆరోగ్యలాభం వినియోగదారునిది అవుతుంది. వేరుశనగ స్వపరాగ సంపర్క పంట కాబట్టి రైతు విత్తనం దాచుకొనగలడు. ఈ హక్కు నిలిచి, పరీక్ష ఆధారిత ధర లభించినప్పుడే ఇరువురికీ లాభం సమంగా చేరుతుంది.

ప్రస్తుత కర్తవ్యం

కొత్త రకాల కోసం ఎదురుచూడకుండా తొలిపూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయడం, నీటి వసతి ఉన్నచోట చివరి దశలో ఒక రక్షక తడి ఇవ్వడం, సకాలంలో పీకడం, కాయల తేమ 8 శాతానికి చేరేవరకు ఎండబెట్టడం, దెబ్బతిన్న కాయలను ఏరివేయడం అవసరం. ఏరివేసిన గింజను, దాని చెక్కను పాడిపశువులకు మేపరాదని విస్తరణ శాస్త్రవేత్తలు ప్రత్యేకంగా బోధించాలి.