ఆ దేశం సంగతి చెప్పవలసింది ఎవరు?

ప్రాణభయంతో దేశం విడిచిన మనిషి వెంట సాక్షులు రారు. తనను బెదిరించినవారి నుండి అతడు ధ్రువపత్రం తెచ్చుకోలేడు. కళ్లారా చూసినవారు మరణించి ఉంటారు, లేదా నోరు విప్పితే తమకూ అదే గతి పడుతుందని మౌనం వహిస్తారు. అయినా బ్రిటన్ వంటి దేశంలో ఆశ్రయం కోరినప్పుడు న్యాయమూర్తి ముందు రెండు విషయాలు తేలాలి. ఇతడు చెప్పేది నిజమేనా? ఇతణ్ణి తిరిగి పంపితే ఏం జరుగుతుంది?

రెండో ప్రశ్నకు పూర్తి సమాధానం శరణార్థి దగ్గర ఉండదు. తన ఊరిని విడిచి ఏళ్లు గడిచి ఉండవచ్చు. అందుకే ఆ దేశాన్ని దీర్ఘకాలంగా అధ్యయనం చేసిన ఆచార్యులు, పరిశోధకులు, పాత్రికేయులు నిపుణులుగా సాక్ష్యమిస్తారు. ఏ రహదారి ఎవరి చేతిలో ఉంది, ఏ తెగవారికి ఏ పేటలో రక్షణ దొరుకుతుంది వంటివి వారు వివరిస్తారు. రుసుము ఎవరు చెల్లించినా వారి బాధ్యత న్యాయస్థానం పట్లనే. తమను పిలిచిన పక్షానికి నష్టం కలిగించే సంగతి తెలిసినా దాన్ని దాచకూడదు. సాక్ష్యం ఒక అమానత్ అని ఎరిగిన మనకు ఈ నియమం కొత్తగా తోచదు.

ఈ సాక్ష్యం విలువ ఎంతటిదో సోమాలియా వ్యవహారంలో స్పష్టంగా కనిపిస్తుంది. బ్రిటన్‌లో నేరాలకు శిక్ష పడిన ఇద్దరు సోమాలీలను ఆ ప్రభుత్వం స్వదేశానికి పంపదలచింది. మొగదిషులో అప్పుడు అల్ షబాబ్‌కూ ప్రభుత్వ పక్షపు సైన్యాలకూ మధ్య పోరు సాగుతోంది. బ్రిటన్ అధికారులు పరిస్థితిని విచారించడానికి వెళ్లారు. అయితే మొగదిషుకు కాదు, పొరుగునున్న కెన్యా రాజధాని నైరోబీకి! వారి నివేదికలో సమాచారమిచ్చినవారి పేర్లు చాలావరకు లేవు. ఒక దౌత్య వర్గం, ఒక అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థ, ఒక భద్రతా సలహాదారు - ఇలా మాత్రమే ఉంది.

2011 జూన్ 28న యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఆ నివేదికను తూచి చూసింది. చెప్పినవాడెవడో, అతనికి ఆ సంగతి ఎలా తెలిసిందో తెలియనప్పుడు, ఆ మాట ఇతర సమాచారంతో పొసగకపోతే దానికి పెద్ద విలువ ఇవ్వలేమన్నది. బలవంతుల అండదండలు విశేషంగా ఉన్న కొద్దిమంది తప్ప, మొగదిషులో ఎవరికైనా ప్రమాదమేనని తేల్చింది. నేరం చేసినవాడైనా సరే, చిత్రహింసకు అప్పగించరాదన్నది అక్కడి చట్టం. ఆ ఇద్దరినీ పంపరాదని తీర్పు వెలువడింది.

అయితే దేశాలు మారుతూ ఉంటాయి. తీర్పు వచ్చిన రెండు నెలలలోపే, ఆగస్టులో, అల్ షబాబ్ మొగదిషు నుండి వైదొలగింది. 2014లో బ్రిటన్ ఎగువ ట్రిబ్యునల్ కొత్త సాక్ష్యాలు విని, సామాన్య పౌరునికి కేవలం ఆ నగరంలో ఉన్నంత మాత్రాన ప్రమాదం లేదని నిర్ణయించింది. ఇక ప్రశ్న నగరం నుండి వ్యక్తి మీదికి మళ్లింది. అతనికి అక్కడ కుటుంబం ఉందా? తెగ ఆదుకుంటుందా? విదేశాల నుండి డబ్బు పంపేవారున్నారా? ఏ ఆసరా లేనివాడు నిర్వాసితుల శిబిరం పాలవుతాడు, అతని సంగతి వేరు. పాత నివేదికను కొత్త మనిషికి అంటగట్టడం ఎంత అన్యాయమో దీనివల్ల తెలుస్తుంది. ఆ అన్యాయం ఇరుపక్షాలకూ వర్తిస్తుంది.

నిపుణుడు తన హద్దు దాటితే ఏమవుతుందో కూడా అదే ఏడాది తెలిసింది. దక్షిణ సోమాలియా వారమని చెప్పుకొన్న ఇద్దరిని ఫోనులో మాట్లాడించి, వారి యాసను బట్టి కెన్యావాసులని ఒక భాషా విశ్లేషణ సంస్థ నివేదించింది. విశ్లేషకుల పేర్లు లేవు, సంకేత సంఖ్యలే ఉన్నాయి. పేరు లేనంత మాత్రాన నివేదికను తోసిపుచ్చనక్కరలేదని బ్రిటన్ సుప్రీంకోర్టు భావించింది. కాని యాస చూడవలసినవారు ఆ మనుషులకు తమ ఊరి గురించి ఎంత తెలుసునన్న విషయంలోనూ అభిప్రాయం చెప్పడాన్ని తప్పుపట్టి, ప్రభుత్వ అప్పీలును కొట్టివేసింది. యాసను గుర్తించగలిగినవాడు ఎదుటి మనిషి నిజాయితీని కూడా గుర్తించగలడా?

మన దేశంలో ఈ ప్రశ్నలు అడిగే ట్రిబ్యునలే లేదు. 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై భారత్ సంతకం చేయలేదు. హైదరాబాదు బాలాపూర్‌లో తలదాచుకున్న రోహింగ్యాలు ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డులను నమ్ముకుని ఉన్నారు. జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాల పక్షాన వేసిన దరఖాస్తులో, మయన్మార్ పరిస్థితిపై అంతర్జాతీయ న్యాయస్థానం 2020 జనవరిలో ఇచ్చిన ఉత్తర్వును న్యాయవాదులు చూపారు. మరో దేశంలో జరుగుతున్నదానిపై తాము వ్యాఖ్యానించలేమని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 8న పేర్కొంది. నిర్ణీత ప్రక్రియను అనుసరించకుండా మాత్రం పంపరాదన్నది.

తర్వాత నెల తిరగక ముందే, మే 3న, మణిపూర్ హైకోర్టు ముందుకు మయన్మార్ నుండి పారిపోయి వచ్చిన ఏడుగురి వ్యాజ్యం తీర్పుకు వచ్చింది. వారిలో పాత్రికేయులు, వారి కుటుంబసభ్యులు ఉన్నారు. ఆ న్యాయస్థానం సరిహద్దుకు ఆవల జరుగుతున్నదాన్ని పరిశీలించింది. తిరిగి పంపితే వారి ప్రాణాలకు ముప్పని గుర్తించి, ఐక్యరాజ్యసమితి కార్యాలయంలో రక్షణ కోరేందుకు వారిని సురక్షితంగా ఢిల్లీకి వెళ్లనిచ్చింది.