పందెపు గుర్రంలో వాటా

పందెపు గుర్రాన్ని పెంచడం, శిక్షకుని వద్ద ఉంచి మేపడం, వైద్యం చేయించడం సామాన్యునికి మోయలేని భారం కనుక, పలువురు వాటాదారులుగా చేరి ఖర్చునూ బహుమతి సొమ్మునూ పంచుకొనే బృందాన్ని సిండికేట్ అంటారు. వేల్స్‌లోని పూర్వపు బొగ్గుగనుల ప్రాంతమైన కెవ్న్ ఫారెస్ట్‌లో, జాన్ వోక్స్ అనే శ్రామిక మహిళ కూడగట్టిన 23 మంది వారానికి 10 పౌండ్ల చొప్పున చెల్లించి పోషించిన ‘డ్రీమ్ అలయన్స్’ ఇందుకు ఉజ్జ్వలమైన ఉదాహరణ. 2008లో పందెం మధ్యలో దాని కాలి స్నాయువు, అనగా కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ, తీవ్రంగా దెబ్బతిన్నప్పుడు, అటువంటి గాయంతో ఎన్నో గుర్రాల జీవితమే ముగిసిపోతుందని తెలిసి కూడా, సభ్యులు అది గెలిచిన సొమ్మునే వెచ్చించి మూలకణాలతో చికిత్స చేయించారు. లాభనష్టాల లెక్కకు లొంగని ఈ నిర్ణయమే ఆ కథలో నిజంగా గొప్పది. కోలుకున్న ఆ గుర్రం 2009 డిసెంబరులో, అడ్డంకులు దూకుతూ సాగే సుదీర్ఘ పందెమైన వెల్ష్ నేషనల్‌ను గెలిచింది. తరువాత ఊపిరితిత్తుల సమస్యతో అది విరమించగా, అంతటి కీర్తి మిగిల్చిన లాభం ఒక్కొక్కరికి 1,430 పౌండ్లే. అందుచేత వాటా కొనదలచినవారు గాయాల ఖర్చు ఎవరిదో, విక్రయాధికారం ఎవరిదో ముందుగానే వ్రాతపూర్వకంగా తేల్చుకోవాలి.