వరి తవుడు, ఊక: చక్రీయ ఆర్థిక వ్యవస్థలో వ్యాపార అవకాశాలు

చక్రీయ ఆర్థిక వ్యవస్థ అనగానే పాత ప్లాస్టిక్‌ను కరిగించడమో, ఇనుప తుక్కును మళ్లీ పోతపోయడమో గుర్తుకు వస్తుంది. ఒక ప్రక్రియలో మిగిలిన పదార్థం మరొక ప్రక్రియకు ముడిసరుకు కావాలన్న ఈ భావన వరి పండే ప్రాంతాలకు కొత్తది కాదు. గడ్డి పశువులకు, పేడ పొలానికి, ఊక పొయ్యికి, తవుడు పాడిగేదెకు చేరడం పాత అలవాటే. మారినది పరిమాణం. ధాన్యం పెద్ద మిల్లులకు తరలుతున్నకొద్దీ దాని ఉప ఉత్పత్తులు కూడా అక్కడే కుప్పపడుతున్నాయి. వాటి విలువను ఎవరు, ఏ దశలో రాబట్టగలరన్నదే ఈ వ్యాసంలోని పరిశీలనాంశం.

100 కిలోల ధాన్యాన్ని మర ఆడిస్తే సుమారు 20 కిలోల ఊక, 5 నుంచి 8 కిలోల తవుడు లభిస్తాయి. ప్రభుత్వం సేకరించిన ధాన్యానికి వర్తించే కస్టమ్ మిల్లింగ్ విధానంలో మిల్లరు క్వింటాలు ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పగించాలి. ఊక, తవుడు మిల్లులోనే ఉండిపోతాయి. మిల్లు ఆదాయంలో వీటి వాటా చిన్నది కాదు. రైతుకు మాత్రం మద్దతు ధరతోనే లెక్క ముగిసిపోతుంది.

తవుడు: గంటల్లో తరిగే విలువ

పచ్చి బియ్యపు తవుడులో సాధారణంగా 15 నుంచి 20 శాతం నూనె ఉంటుంది. గింజ చెక్కుచెదరనంతకాలం ఆ నూనె భద్రమే. బియ్యానికి పాలిష్ పట్టేటప్పుడు పై పొరలు చిట్లి, వాటిలోని లైపేజ్ అనే ఎంజైము నూనెతో కలుస్తుంది. ఆ క్షణం నుంచే నూనె విచ్ఛిన్నమై స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు పెరగడం మొదలవుతుంది. వేడి, తేమ కలిసిన వాతావరణంలో ఈ పెరుగుదల రోజుకు 5 నుంచి 7 శాతం వరకు ఉంటుంది. ఆమ్లత పెరిగినకొద్దీ శుద్ధిలో నష్టం ఎక్కువవుతుంది. మరీ పెరిగితే ఆ నూనె వంటకు కాక, సబ్బుల తయారీ వంటి అవసరాలకే పనికివస్తుంది. అందువల్ల తవుడును వ్యర్థమని గాని ఉప ఉత్పత్తి అని గాని అనేకంటే, పాల వలె త్వరగా చెడిపోయే సరుకుగా పరిగణించడమే సమంజసం.

ఉప్పుడు బియ్యపు మిల్లులకు ఈ చిక్కు తక్కువ. ధాన్యాన్ని ఉడకబెట్టినప్పుడే ఎంజైము చాలావరకు నశిస్తుంది. తవుడులో నూనె శాతం కూడా ఎక్కువగా ఉంటుంది. ఇబ్బందంతా చిన్న పచ్చి బియ్యపు మిల్లులకే. ఉదాహరణకు, గంటకు 2 టన్నుల సామర్థ్యంతో రోజుకు 8 గంటలు నడిచే మిల్లును తీసుకుందాం. అది 16 టన్నుల ధాన్యం ఆడితే సుమారు 1 టన్ను తవుడు వస్తుంది. 10 టన్నుల లారీ నిండాలంటే పది రోజులు ఆగాలి. అప్పటికి మొదటి రోజు బస్తాలలోని నూనె సగం మేర చెడిపోయి ఉండవచ్చు. నూనె కర్మాగారం ఎంత ఆధునికమైనదైనా ఈ నష్టాన్ని పూడ్చలేదు.

దీనికి పరిష్కారం తవుడును స్థిరీకరించడం. ఎక్స్‌ట్రూడర్ యంత్రంలో తవుడును కొన్ని సెకన్లపాటు 125 నుంచి 130 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి, కొద్ది నిమిషాలు ఆ వేడిమీదనే ఉంచి, ఆరబెట్టి చల్లార్చాలి. వేడి తగ్గకముందే బస్తాలకు ఎత్తితే తేమ చేరి ముక్కిపోతుంది. ఎంజైము నశించిన తవుడు వారాల తరబడి నిల్వ ఉంటుంది. యంత్రం ఒక్కో చిన్న మిల్లుకు భారమే. కాబట్టి దగ్గర దగ్గరగా ఉన్న ఐదారు మిల్లుల నుంచి ఏ రోజు తవుడును ఆ రోజే సేకరించి స్థిరీకరించే కేంద్రాన్ని రైతు ఉత్పత్తిదారుల సంఘం నడపవచ్చు. గ్రామీణ యువతకు ఇక్కడ ఉన్న అవకాశం నూనె తీయడంలో కంటే ఈ మధ్య దశలోనే ఎక్కువ అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

అయితే ఒక షరతు ఉంది. కొనుగోలుదారు తవుడును తూకంతో మాత్రమే కొంటే స్థిరీకరణకు పెట్టిన ఖర్చు తిరిగి రాదు. నూనె శాతాన్ని, ఆమ్లతను పరీక్షించి ధర చెల్లించే ఒప్పందం యంత్రం కొనుగోలుకంటే ముందే కుదరాలి. ప్రాజెక్టు నివేదికలలో యంత్రాల ధరలు వివరంగా ఉంటాయి గాని, ఈ అంశం ఒక వాక్యంతో సరిపెట్టడం కద్దు.

నూనె తీశాక కూడా తవుడులో 80 శాతానికి పైగా పదార్థం మిగులుతుంది. కొల్లేరు పరిసరాలలోని చేపల చెరువులలో బొచ్చె, శీలావతి చేపలకు ఇదే ప్రధాన మేత. రంధ్రాలు చేసిన సంచులలో నింపి నీటిలో వేలాడదీస్తారు. అంటే నూనె కర్మాగారం లాభనష్టాలు నూనె ధరపై ఎంతగా ఆధారపడతాయో, ఈ పిండి ధరపైనా అంతగా ఆధారపడతాయి. దేశంలో పశుదాణా ధరలను అదుపు చేసేందుకు 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం నూనె తీసిన తవుడు ఎగుమతిని నిషేధించింది. ఇటువంటి నిర్ణయం మేత కొనే రైతుకు మేలు చేస్తూనే, తవుడు సేకరించే వారికి లభించే ధరను తగ్గిస్తుంది. వ్యాపార ప్రణాళిక తయారుచేసేవారు ఈ రెండు వైపులనూ లెక్కలోకి తీసుకోవాలి.

ఊక, బూడిద, హరిత ఉత్పత్తులు

ఊకకు ఇంధనంగా గిరాకీ స్థిరంగానే ఉంది. కాలిన తరువాత ఊక బరువులో ఐదోవంతు వరకు బూడిద మిగులుతుంది. అందులో అధిక భాగం సిలికా. సుమారు 700 డిగ్రీల లోపు అదుపుగా కాల్చిన బూడిదలో సిలికా స్ఫటికరహితంగా ఉండి కాంక్రీటులో సిమెంటుతో చక్కగా చర్య జరుపుతుంది. అంతకు మించిన వేడిలో అది స్ఫటికంగా మారి చర్యాశీలత కోల్పోతుంది. దాని ధూళి ఊపిరితిత్తులకు హానికరం కూడా. బాయిలర్ నుంచి వచ్చే ప్రతి బూడిదా ఒకటి కాదని విద్యార్థులు గమనించాలి. ఊక బూడిద నుంచి తీసిన సిలికాను టైర్ల తయారీలోనూ వాడుతున్నారు.

ఊకతో చేసిన కప్పులు, పళ్లేలు ఇప్పుడు హరిత ఉత్పత్తులుగా అమ్ముడవుతున్నాయి. ఊక తనంతట తాను అంటుకోదు. దానిని పట్టి ఉంచే బంధకం అవసరం. ఆ బంధకం ప్లాస్టిక్ రెసిన్ అయితే వస్తువు మొత్తం మట్టిలో కలిసిపోదు. పర్యావరణ హితమంటూ చేసే తప్పుదోవ ప్రకటనలను నియంత్రించేందుకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు జారీచేసింది. వాటి ప్రకారం ఇటువంటి ప్రకటనలకు ఆధారం చూపవలసి ఉంటుంది. స్వయం సహాయక సంఘాలకు శిక్షణ ఇచ్చే విస్తరణ శాస్త్రవేత్తలు అచ్చు యంత్రం గురించి చెప్పేటప్పుడే బంధకం ఏమిటో కూడా అడిగి తెలుసుకోవాలి. అటువంటి పళ్లెంపై ‘ఊకతో చేసినది’ అని ముద్రించవచ్చు. ‘మట్టిలో కలిసిపోతుంది’ అని ముద్రించాలంటే చేతిలో పరీక్ష నివేదిక ఉండాలి.