ఆకాశంలో బండి లాంతరు

మీరు సైకిలు తొక్కుకుంటూ బడికి వస్తున్నారనుకోండి. కుడిచేతి వైపు నుంచి ఇంకొక బాట వచ్చి ముందున్న కూడలి దగ్గర మీ బాటలో కలుస్తుంది. మధ్యలో వరి చేలు. ఆ బాట మీద మీ స్నేహితుడు కూడా సైకిలు మీద వస్తున్నాడు. ఇద్దరూ వేగం మార్చకుండా తొక్కుతున్నారు. అతన్ని ఓరకంట గమనించండి. అతడు క్రమంగా ముందుకు జరుగుతున్నట్లు కనిపిస్తే మీకంటే ముందే కూడలి దాటిపోతాడు. వెనక్కు జరుగుతున్నట్లు కనిపిస్తే మీరే ముందు దాటుతారు. అలా కాక, మొదట ఏ కోణంలో కనిపించాడో చివరిదాకా అదే కోణంలో నిలిచి ఉంటే? ఇద్దరూ ఒకేసారి కూడలి చేరుతారు. అంటే ఢీకొంటారు!

నమ్మకం కలగకపోతే నోటు పుస్తకంలో గీసి చూడండి. సెకండు సెకండుకూ ఇద్దరి స్థానాలను గుర్తించి గీతలతో కలిపితే, మీరు తరగతిలో చదువుకున్న సరూప త్రిభుజాలే వస్తాయి. కోణాలు మారవు, భుజాలు మాత్రమే తగ్గుతూ పోతాయి.

చిన్న విమానాలు నడిపే పైలట్లకు ఈ త్రిభుజాలు ప్రాణాంతకమైనవి. మన కన్ను కదిలే వస్తువును వెంటనే పసిగడుతుంది. గడ్డిలో మిడత ఎగిరితే చూస్తాం, కదలకుండా కూర్చుంటే చూడం. ఢీకొనబోయే విమానం పైలట్‌కు అద్దం మీద కదలదు. అద్దానికి అంటుకున్న ఈగలాగా ఒకేచోట నిలిచి ఉంటుంది. పక్కగా కదిలిపోయే విమానం ఇట్టే కనబడుతుంది, కాని దానివల్ల ప్రమాదం లేదు. ప్రమాదం ఉన్నదే కనబడదు!

ఇప్పుడు చిన్న లెక్క. రెండు చిన్న విమానాలు ఎదురెదురుగా, ఒక్కొక్కటి గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వస్తున్నాయి. అంటే సెకండుకు 50 మీటర్లు. రెండూ కలిసి సెకండుకు 100 మీటర్ల చొప్పున దగ్గరవుతాయి. ఎదుటి విమానాన్ని చూసి, అది విమానమేనని గుర్తించి, ఎటు తిప్పాలో నిశ్చయించుకొని, తిప్పిన తరువాత విమానం దారి మారడానికి మొత్తం పన్నెండున్నర సెకండ్లు పడుతుందని అమెరికా విమానయాన శాఖ పైలట్లకు చెబుతుంది. అంత సేపటిలో దూరం 1250 మీటర్లు తరిగిపోతుంది. రెక్కల కొస నుంచి కొసకు 11 మీటర్లుండే విమానం 1250 మీటర్ల దూరంలో ఎంత కనబడుతుంది? అర డిగ్రీ. పున్నమి చంద్రుడి వెడల్పు అంతే కదా, అదేం తక్కువ అంటారేమో! చంద్రుడు గుండ్రంగా, వెలుగుతూ ఉంటాడు. విమానం రెక్క ఎదుటినుంచి చూస్తే సన్నని గీత. పైగా వెనుక మబ్బులో, కొండలో ఉంటాయి. దూరం సగమైతే ఆ గీత రెట్టింపవుతుంది కనుక, చిట్టచివరి కొద్ది సెకండ్లలోనే అది హఠాత్తుగా పెద్దదై కనిపిస్తుంది. అప్పటికి సమయం మించిపోతుంది.

పెద్ద విమానాలకు ఈ సమస్య తీర్చే పరికరం ఉంది. దానిని టీకాస్ అంటారు. అది చుట్టుపక్కల విమానాలను రేడియో తరంగాలతో ‘ఎవరక్కడ?’ అని ప్రశ్నిస్తుంది. ఆ విమానాలలో ఉన్న ట్రాన్స్‌పాండర్ అనే పెట్టె తన ఎత్తు చెబుతూ జవాబిస్తుంది. జవాబు రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది. ప్రమాదముంటే ఒక పైలట్‌ను పైకి, రెండవ పైలట్‌ను కిందికి పొమ్మని చెబుతుంది. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర సౌదీ, కజకిస్తాన్ విమానాలు ఆకాశంలో ఢీకొని 349 మంది మరణించారు. ఆ రెండింటిలోనూ ఈ పరికరం లేదు.

మరి చిన్న విమానంలో కూడా టీకాస్ పెట్టవచ్చు కదా? పెట్టలేరు. దాని ఖరీదు చిన్న విమానం ఖరీదుతో పోటీ పడుతుంది. బరువు ఎక్కువ, విద్యుత్తు ఎక్కువ కావాలి. గ్లైడర్ల సంగతి చెప్పనే అక్కరలేదు. వాటికి ఇంజనే ఉండదు, ఉన్నదల్లా ఒక చిన్న బ్యాటరీ.

గ్లైడర్లకు ఇంకొక చిక్కు ఉంది. మిట్టమధ్యాహ్నం చెరువు గట్టు మీద నిలబడి గద్దలను చూడండి. రెక్క ఆడించకుండా ఒకే చోట గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి. కింద నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంటే ఆ గాలి మీద ఎక్కుతాయన్నమాట. గ్లైడర్లు చేసేదీ అదే. ఒకే వేడిగాలి స్తంభంలో నాలుగైదు గ్లైడర్లు దగ్గరదగ్గరగా చుట్లు తిరుగుతాయి. అక్కడ టీకాస్ ఉంటే ఎడతెగకుండా మోగుతూనే ఉంటుంది. నిత్యం మోగే గంటను ఎవరు లక్ష్యపెడతారు?

ఆల్ప్స్ పర్వతాలలో గ్లైడర్లు ఢీకొని పైలట్లు చనిపోతుండగా, స్విట్జర్లాండుకు చెందిన ఉర్స్ రోథాకర్, ఆండ్రియా ష్లాప్‌బాఖ్ 2003లో దీనికి ఒక ఉపాయం మొదలుపెట్టారు. 2004 నుంచి అది అమ్మకానికి వచ్చింది. పేరు ఫ్లార్మ్. అరచేతిలో పట్టే పెట్టె. అందులో ఉపగ్రహాల సంకేతాలతో తన స్థానం తెలుసుకొనే జి.పి.ఎస్., ఎత్తు కనిపెట్టే వాయుపీడన మాపకం, ఒక చిన్న రేడియో, ఒక చిన్న కంప్యూటర్ ఉంటాయి. అది ఎవరినీ ప్రశ్నించదు. సుమారు సెకండుకొకసారి ‘నేను ఇక్కడ ఉన్నాను, వచ్చే 20 సెకండ్లలో ఈ దారిన పోబోతున్నాను’ అని తానే చాటుతుంది. యూరప్‌లో ఇందుకు 868 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోని తరంగాలను వాడుతుంది. చుట్లు తిరుగుతుంటే ఆ వంపును కూడా లెక్కలోకి తీసుకుంటుంది. పక్క విమానంలోని పెట్టె ఈ దారిని తన దారితో పోల్చుకుంటుంది. రెండు దారులూ కలిస్తేనే మోగుతుంది. పక్కపక్కనే తిరుగుతున్నా దారులు కలవకపోతే నోరెత్తదు! మోగినప్పుడు గడియారం ముఖంలా అమర్చిన చిన్న దీపాలలో ఒకటి వెలిగి, ఏ దిక్కున చూడాలో చూపుతుంది. పర్వతాలలో లోయలకు అడ్డంగా కట్టిన కరెంటు తీగలు, తాళ్ల బండ్ల తీగలు ఎక్కడెక్కడ ఉన్నాయో కూడా దీనికి నేర్పి పెట్టవచ్చు.

ఈ పాఠం చెబుతున్నప్పుడు నా తరగతిలో వెనుక బెంచీ అబ్బాయి ఒకడు లేచి, “ఎదుటివాడి దగ్గర ఆ పెట్టె లేకపోతేనో, మాస్టారూ?” అన్నాడు. అసలైన ప్రశ్న అదే. లేకపోతే ఏమీ జరగదు. మోగదు, వెలగదు.

పూర్వం రాత్రివేళ ప్రయాణం చేసే ఎడ్లబండికి ఇరుసు దగ్గర లాంతరు వేలాడదీసేవారు. దాని వెలుగులో బండి తోలేవాడికి దారేమీ కనబడదు. దారి ఎడ్లకే తెలుసు. ఆ లాంతరు వెనుక వచ్చే లారీవాడి కోసం. లాంతరు లేని బండిని లారీవాడు ఎంత మంచి కళ్లున్నా చూడలేడు. ఫ్లార్మ్ కూడా అటువంటి లాంతరే. కొన్నవాడిని కాపాడాలంటే పక్కవాడు కూడా కొనాలి. గ్లైడర్ల వాళ్లు ఒక్కొక్కరుగా దాదాపు అందరూ కొన్నందువల్లనే యూరప్‌లో అది అంతగా పనికివచ్చింది.

లాంతరు అక్కరలేకుండా చెవితో వినే చవక పరికరాలు కూడా వచ్చాయి. ఇతర విమానాల ట్రాన్స్‌పాండర్లు ఇచ్చే జవాబులను ఇవి చాటుగా వింటాయి. సంకేతం గట్టిగా ఉంటే విమానం దగ్గర, బలహీనంగా ఉంటే దూరం అనుకుంటాయి. పొగమంచులో బస్సు హారను విని దూరం అంచనా వేసినట్లే! పెద్ద హారనున్న బస్సు దూరాన ఉన్నా దగ్గరగా తోస్తుంది. దిక్కు కూడా సరిగా తెలియదు. పైగా పాత రకం ట్రాన్స్‌పాండర్ ఎవరైనా ప్రశ్నిస్తేనే మాట్లాడుతుంది. రాడార్ అందని లోయలో, దగ్గరలో టీకాస్ ఉన్న విమానం కూడా లేకపోతే, అది మౌనంగా ఉంటుంది. నాకైతే వీటి మీద అంత గురి లేదు.

మరొక పద్ధతి ఏ.డి.ఎస్.-బి. ఇది కూడా తన స్థానాన్ని తానే చాటేదే, అయితే పెద్ద విమానాలు సైతం వాడే 1090 మెగాహెర్ట్జ్ మీద. అమెరికాలో 2020 జనవరి 1 నుంచి రద్దీగా ఉండే గగనతలంలో ఎగరాలంటే ఏ.డి.ఎస్.-బి. ఉండి తీరాలి. చిక్కేమిటంటే, 868 మీద మాట్లాడే పెట్టె మాట 1090 మీద వినే పెట్టెకు వినబడదు. ఒకడు తెలుగులో, ఇంకొకడు తమిళంలో కేకలు వేసుకున్నట్లు! అందుకని రెండూ వినగల పెట్టెలు తరువాత తయారుచేశారు.

2020లో బ్రిటన్ విమానయాన శాఖ ఒక పని చేసింది. చిన్న విమానం, గ్లైడర్ వంటివి ఉన్నవారు ఇటువంటి పరికరం కొంటే సగం ఖరీదు, 250 పౌండ్లకు మించకుండా, తిరిగి ఇస్తామన్నది. ఒకరి సొంత విమానంలో పెట్టుకొనే పెట్టెకు ప్రభుత్వం డబ్బెందుకు ఇవ్వాలి? బండి లాంతరులో నూనె ఎవరి కోసం వెలుగుతుందో తెలిసిన మీకు ఆ జవాబు నేను చెప్పనక్కరలేదు.