సుత్తె దెబ్బలు, నానో రేణువులు

మిఠాయి మీద మెరిసే వరఖ్ కొట్టడం పాతబస్తీలో తరాల నాటి పనితనం. తోలు పొరల మధ్య వెండి ముక్కలు పేర్చి, గంటల తరబడి సుత్తెతో కొడతారు. చదరపు మీటరు రేకు 2.8 గ్రాములు మించకూడదని ఆహార భద్రతా నిబంధన. లెక్క కడితే మందం సుమారు 270 నానోమీటర్లే!

ఇలా లోహాన్ని సన్నబరిచే పని మందుల్లోనూ ఉంది. చార్మినార్ పక్కనే నిజామియా యునానీ ఆసుపత్రి. యునానీలో కుష్తా, ఆయుర్వేదంలో భస్మం... రెండూ నీళ్లలో కరగని లోహాలనూ ఖనిజాలనూ నూరి, పుటం పెట్టి చేసే మందులు. మెత్తదనానికి పరీక్ష చేతిలోనే ఉంది. చిటికెడు పొడిని వేళ్ల మధ్య రుద్దితే వేలిగీతల్లోకి దిగిపోవాలి, నిలకడ నీటిపై చల్లితే తేలాలి. కొన్ని భస్మాల్లో నానో రేణువులున్నట్టు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు తర్వాత చూపించాయి.

ఇంతగా నూరడమెందుకు? సెంటీమీటరు ఘనానికి బయటి వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 100 నానోమీటర్ల ఘనాలుగా కోస్తే 60 చదరపు మీటర్లు! నీరు తాకే చోటు పెరిగేకొద్దీ కరిగే వేగం పెరుగుతుంది.

కళ్లకు పెట్టే సుర్మాను పన్నీరు పోసి కల్వంలో నూరడం హకీముల పద్ధతి. నేటి ఫార్మా కంపెనీలూ తడిగానే నూరుతున్నాయి: మందును నీళ్లలో కలిపి, గట్టి పూసలతో గిరగిరా తిప్పుతారు. అయితే సన్నబడ్డ రేణువులు మళ్లీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. అందుకే వాటికి పాలిమర్ పూత పూస్తారు. అసలు కిటుకు ఈ పూతలోనే ఉంది. ఇలా తయారై అమెరికాలో అనుమతి పొందిన తొలి మందు, మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారు వాడే సిరోలిమస్ మాత్ర. ఏడాది 2000.

నాకు బాగా నచ్చింది 2003లో వచ్చిన అప్రెపిటెంట్. కీమోథెరపీ రోగుల వాంతులు ఆపే మందు. మామూలు పొడిగా ఇస్తే, అన్నం తిన్నాకే ఒంటికి సరిగా పట్టేది. వాంతులతో ముద్ద దిగని మనిషి తినేదెలా? నానో రేణువులుగా మార్చాక పరగడుపునా పనిచేసింది.

క్యాన్సర్ మందు పాక్లిటాక్సెల్‌దీ నీళ్లలో కరగని బాధే. దాన్ని కరిగించడానికి వాడిన ఆముదపు ద్రావకం కొందరికి తీవ్రమైన అలర్జీ తెచ్చేది. 2005లో ఆల్బుమిన్ ప్రోటీన్‌తో సుమారు 130 నానోమీటర్ల రేణువులు చేసి ఆ ద్రావకాన్ని తప్పించారు.

సన్నబడితే విషమూ తేలిగ్గా ఒంటపడుతుంది. బజారు సుర్మాల్లో కొన్నింట సీసం ఉంటుంది. పసిపిల్లల కళ్లకు పెట్టకండి. కుష్తాలనూ భస్మాలనూ అర్హత ఉన్న వైద్యుడు చెప్పకుండా వాడకండి.